పాము పొట్ట కింద ఏం పరుస్తున్నాం? పెంపుడు పాముల బెడ్డింగ్ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్నవాళ్లకు ఈ బల్ల మీది డబ్బాలు కనిపిస్తూనే ఉంటాయి, వెనక కూర్చున్నవాళ్ల కోసం ఒక్కోటీ చెబుతాను. పాముని ఉంచే ట్యాంక్ అడుగున పరిచేవాటినే బెడ్డింగ్ అంటాం, ఇవన్నీ అవే. పేపర్ టవల్స్, ఆస్పెన్ చెక్క పొట్టు, సైప్రస్ బెరడు ముక్కలు, కొబ్బరి పొట్టు, కొబ్బరి పీచు ముక్కలు, మట్టీ ఇసుకా కలిపిన మిశ్రమం, స్ఫాగ్నమ్ నాచు. మొత్తం ఏడు. ఆ చివర మూత బిగించి పెట్టిన ఎనిమిదోది ఉంది, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

పాములు పెంచేవాళ్లు నన్ను మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే, "ఏ బెడ్డింగ్ మంచిది?" అని. నేను తిరిగి అడిగేదీ ఒకటే, "మీ దగ్గరున్నది ఏ పాము?" అని. ఎందుకంటే బాల్ పైథాన్ అనే కొండచిలువకి హాయిగా ఉండే చెమ్మ పరుపు మీద హాగ్‌నోస్ అనే తవ్వే పాముని ఉంచితే కొన్నాళ్లకు జబ్బు పడుతుంది, హాగ్‌నోస్‌కి వేసే పొడి పొట్టు మీద బాల్ పైథాన్‌ని ఉంచితే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి కళ్ల మీద అతుక్కుపోతుంది. అన్ని పాములకూ పనికొచ్చే బెడ్డింగ్ ఒకటుంటుంది అనుకోవడం దగ్గరే మనం మొదటి తప్పు చేస్తాం.

కుక్కో పిల్లో అయితే నేల మీద నాలుగు పాదాలు మాత్రమే ఆనుతాయి. పాము అలా కాదు, రోజంతా దాని పొట్ట మొత్తం ఆ బెడ్డింగ్‌కి ఆని ఉంటుంది, ముక్కు దానికి అంగుళం దూరంలో కూడా ఉండదు, నాలుక నిమిష నిమిషానికీ దాన్ని తడుముతూ ఉంటుంది. పైగా చాలా పాములకు పనిచేసే ఊపిరితిత్తి ప్రధానంగా ఒక్కటే, కుడివైపుది. బాల్ పైథాన్ లాంటి కొండచిలువ జాతుల్లో ఎడమది కూడా ఉంటుంది కానీ చిన్నది. మనకున్నట్టు డయాఫ్రం, అంటే ఊపిరి ఆడించే కండరపు పొర, ఉండదు, అందుకే మనలాగా గట్టిగా దగ్గి లోపల చేరింది బయటికి నెట్టేయలేదు. అలాంటి జంతువు ముక్కు కింద మనం దుమ్ము పోస్తున్నామా, ఘాటు వాసన పోస్తున్నామా, చెమ్మ పోస్తున్నామా అన్నది చిన్న విషయం కాదు. నాకైతే ట్యాంక్ సైజు కంటే, లోపల పెట్టే కొమ్మలూ ఆకులూ కంటే కూడా ఇది ముఖ్యం.

ఇక ఎనిమిదో డబ్బా. మూత తీస్తున్నాను.

చూడండి, ఒక నిమిషం కూడా కాలేదు, మూడో వరసలో ఉన్నవాళ్లకు కూడా వాసన వచ్చేసినట్టుంది. ఇది సెడార్ చెక్క పొట్టు, మన దేవదారు లాంటి వాసన చెక్క. మనకు చాలా బాగుంటుంది, కొత్త బీరువా తలుపు తీసినట్టు ఉంటుంది. నా మొదటి కార్న్ స్నేక్‌ని తెచ్చుకున్నప్పుడు అమ్మినవాళ్లు దాంతో పాటు ఇదే ఒక సంచీ ఇచ్చారు, "వాసన కూడా రాదు, శుభ్రంగా ఉంటుంది" అని. నేను నమ్మాను. గదిలోకి రాగానే మంచి పరిమళం, పాము వాసన అస్సలు తెలిసేది కాదు, అది చాలా బాగుందని సంతోషపడ్డాను కూడా.

మూడో వారంలో ఒక రాత్రి ట్యాంక్ పక్కనే కూర్చుని చదువుకుంటుంటే సన్నగా ఈల వేసినట్టు శబ్దం వచ్చింది. ఫ్యాన్ అనుకుని ఆపేశాను, అయినా వస్తోంది. టార్చ్ వేసి చూస్తే పాము తల కొంచెం పైకెత్తి పెట్టి ఉంది, నోరు దారం పట్టేంత తెరుచుకుని ఉంది, ముక్కు రంధ్రం దగ్గర చిన్న బుడగ ఊపిరితో పాటు ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. ఆ బుడగ నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది. మర్నాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన పాముని చేతిలోకి తీసుకోకముందే అడిగిన మొదటి మాట, "కింద ఏం వేశారు?" అని. నేను చెప్పగానే ఆయన తల పట్టుకున్నారు. శ్వాస ఇన్‌ఫెక్షన్, వారాల తరబడి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, ఆ వారాలన్నీ ఉత్త పేపర్ మీద. బతికింది. కానీ ఆ వారాలు నేను సరిగ్గా నిద్రపోలేదు, ఇవాళ మీ ముందు నిలబడి మాట్లాడటానికి అసలు కారణం కూడా అదే.

అందులో జరిగేది ఏమిటంటే, సెడార్‌కి ఆ వాసన ఇచ్చేవి గాలిలోకి ఆవిరయ్యే నూనెలు, ఆమ్లాలు. బట్టల బీరువాల్లో పురుగులు రాకుండా ఆ చెక్క పెడతారంటేనే దాని ఘాటు ఎంతో అర్థం చేసుకోవచ్చు. మూసి ఉన్న ట్యాంకులో, అదీ కింద నుంచి వేడి తగులుతుంటే, ఆ ఆవిరి ఇంకా ఎక్కువ లేస్తుంది. అది ముక్కు, గొంతు, ఊపిరితిత్తి లోపలి పొరను రేపుతుంది, రేగిన పొర మీద బ్యాక్టీరియా సులువుగా చేరుతుంది, ఆ పదార్థాలను విరిచి బయటికి పంపే భారం కాలేయం మీద పడుతుంది. పాములకే కాదు, చిన్న జంతువులు వేటికీ ఇది వెయ్యకండి. పచ్చి పైన్ పొట్టు కూడా అదే దారి, సెడార్ అంత ఘాటు కాకపోయినా. బట్టీలో ఆరబెట్టిన పైన్‌లో ఆ నూనెలు చాలావరకు పోతాయి కాబట్టి కొందరు వాడుతుంటారు, నేను మాత్రం వాడను, దానికంటే మంచివి ఇన్ని ఉండగా దాంతో పనేమిటి?

వాసన గురించి ఇంకో మాట. ట్యాంక్ దగ్గర పాము వాసన రావట్లేదు, మంచి పరిమళం వస్తోంది అంటే దాన్ని మంచి గుర్తుగా తీసుకోవద్దు. శుభ్రంగా ఉన్న పాము ట్యాంకుకి దాదాపు ఏ వాసనా ఉండదు. వాసన వస్తే శుభ్రం చెయ్యాలి, పరిమళంతో కప్పకూడదు.

సరే, మూత పెట్టేస్తున్నాను, ఇది ఇక్కడితో చాలు.

చెక్క పొట్టులో నేను ధైర్యంగా చెప్పేది ఆస్పెన్. చిత్రిక పట్టినప్పుడు వచ్చే పలుచటి చుట్టల్లాంటి పొట్టు ఇది, ఘాటు నూనెలు ఉండవు, తేలిగ్గా ఉంటుంది. కార్న్ స్నేక్, కింగ్ స్నేక్, మిల్క్ స్నేక్, హాగ్‌నోస్, వీటికి చాలా బాగుంటుంది. రెండంగుళాలు పరిస్తే పాము అందులో సొరంగాలు చేసుకుంటుంది, కూలిపోకుండా ఆ సొరంగం అలాగే నిలుస్తుంది కూడా, పొద్దున్నే లేచి చూస్తే పొట్టులోంచి తల ఒక్కటే బయటపెట్టి మనల్ని చూస్తుంటుంది. దీని బలహీనత ఒకటే, తడి. నీళ్ల గిన్నె ఒలికిందంటే ఒకటి రెండు రోజుల్లో బూజు పడుతుంది. అందుకే తేమ ఎక్కువ కావాల్సిన పాముకి ఆస్పెన్ వేసి, తేమ చాలట్లేదని దాని మీద నీళ్లు చల్లడం, ఇది నేను చాలా ఇళ్లలో చూసిన పొరపాటు. కొనేటప్పుడు సంచీ కదిలించి చూడండి, అడుగున సన్నటి పిండిలా దుమ్ము చేరి ఉంటే ఆ సంచీ వద్దు.

ఇప్పుడు తేమ. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బెడ్డింగ్ వల్ల వచ్చే సమస్యల్లో సగానికి పైగా ఇక్కడే మొదలవుతాయని నా అనుభవం.

కార్న్ స్నేక్‌కి 40 నుంచి 60 శాతం తేమ సరిపోతుంది. వెస్టర్న్ హాగ్‌నోస్‌కి 30 నుంచి 50. బాల్ పైథాన్‌కి 60 నుంచి 70, కుబుసం విడిచే రోజుల్లో ఇంకొంచెం. బ్రెజిలియన్ రెయిన్‌బో బోవాకి 75 పైనే ఉండాలి. ఈ అంకెలు వాటి సొంత నేల నుంచి వచ్చినవే. బాల్ పైథాన్ ఆఫ్రికా గడ్డి మైదానాల్లో బతుకుతుంది కదా, అక్కడ పొడిగా ఉంటుంది కదా అని చాలామంది అంటారు. నిజమే, పైన పొడిగానే ఉంటుంది. కానీ అది పగలంతా ఉండేది పైన కాదు, ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో. పుట్ట లోపల చెయ్యి పెడితే (పెట్టకండి, ఊరికే అంటున్నాను) బయటికంటే చల్లగా, చెమ్మగా ఉంటుంది. మనం ట్యాంకులో తిరిగి తయారు చెయ్యాల్సింది పైన కనిపించే ఆ మైదానాన్ని కాదు, ఆ పుట్ట లోపలిని.

తేమ చాలకపోతే కుబుసం ఒకే తొడుగులా రాదు. ఆరోగ్యంగా ఉన్న పాము కుబుసం మేజోడు విప్పినట్టు తిరగబడి, మూతి నుంచి తోక కొస దాకా ఒక్క ముక్కగా వస్తుంది. పాముకి కనురెప్పలు ఉండవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఒకటుంటుంది, అది కూడా కుబుసంతోనే రావాలి. అందుకే కుబుసం దొరికిన రోజు పారెయ్యకుండా తల భాగం వెలుతురుకి పట్టుకుని చూడండి, కళ్ల దగ్గర రెండు చిన్న గుండ్రటి గాజు బిళ్లల్లాంటివి ఉన్నాయా లేవా అని. తోక కొస కూడా చూడండి, అక్కడ పాత చర్మం ఉంగరంలా మిగిలిపోతే రక్తం ఆడక కొస ఎండిపోతుంది. కంటి పొలుసు మిగిలితే గోటితో లాగొద్దు, తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా చూడాలి, అప్పటికీ రాకపోతే డాక్టర్.

తేమ ఎక్కువైతే, ఇంకా సరిగ్గా చెప్పాలంటే పొట్ట కింద తడి నిలిస్తే, ఇంకో రకం కష్టం. పొట్ట కింది వెడల్పాటి పొలుసులు ముందు కొంచెం గులాబీ రంగుకి తిరుగుతాయి, తర్వాత గోధుమ రంగు మచ్చలు, తర్వాత నీటి బొబ్బలు. పొలుసుల కుళ్లు అంటాం, స్కేల్ రాట్. అది చర్మంలోకి దిగిన బ్యాక్టీరియా, ఆలస్యం చేస్తే రక్తంలోకి పోతుంది. బాల్ పైథాన్ ఉన్న ఒక ఇంట్లో ఇది చూశాను, ఆ అమ్మాయి చాలా శ్రద్ధగా పెంచుతోంది, రోజుకు రెండుసార్లు స్ప్రే చేస్తోంది, తేమ మీటర్‌లో 65 చూపిస్తోంది, అంతా సరిగ్గానే ఉందనుకుంది. పాముని ఎత్తి పొట్ట పైకి తిప్పి చూస్తే పొట్ట మధ్యలో పది పన్నెండు పొలుసులు ఎర్రగా ఉన్నాయి. స్ప్రే చేసినప్పుడల్లా పైపొర తడిసిపోతోంది, గాలిలో తేమ గంటలో పడిపోతోంది, మళ్లీ స్ప్రే, మళ్లీ పైపొర తడి. పాము పడుకునేది ఆ పైపొర మీదేగా! తన తప్పు శ్రద్ధ లేకపోవడం కాదు, నీళ్లు పై నుంచి పోయడం, అంతే.

అందుకే నేను చెప్పే పద్ధతి ఇది. కొబ్బరి పొట్టు, లేదా పొట్టూ పీచు ముక్కలూ కలిపింది, లేదా సైప్రస్ బెరడు, మూడు నాలుగు అంగుళాల మందంగా వెయ్యండి. నీళ్లు పైన చల్లకుండా ట్యాంక్ నాలుగు మూలల్లో, గోడ వెంట నెమ్మదిగా పొయ్యండి. నీళ్లు అడుగుకి దిగి కింది పొర తడిసి ఉంటుంది, పైపొర పొడిగా ఉంటుంది, వేడికి కింది నుంచి తేమ మెల్లగా పైకి లేస్తుంది. పాము పొడి మీద పడుకుంటుంది, తేమలో ఊపిరి పీలుస్తుంది. అంతే, ఇంత చిన్న మార్పు. ఆ అమ్మాయి పాముకి డాక్టర్ మందు రాశారు, కొన్నాళ్లు పేపర్ మీద ఉంచారు, తర్వాత రెండు కుబుసాలకి పొట్ట తెల్లగా తేలింది.

కొబ్బరి పొట్టు ఇటుకల్లా నొక్కి అమ్ముతారు, గోరువెచ్చటి నీళ్లలో వేస్తే చాలా రెట్లు పొంగుతుంది. ఎంత తడి ఉండాలో చేత్తో చూడటమే మేలు. ఇదిగో, ఒక పిడికెడు తీసుకుంటున్నాను. గట్టిగా పిండుతున్నాను. ఒకటి రెండు చుక్కలు వచ్చి ఆగాయి, చెయ్యి విప్పితే ముద్ద విడిపోకుండా నిలబడింది, వేలితో తాకగానే పొడిపొడిగా రాలిపోయింది. కింది పొరకి ఇది సరైన తడి. ధారగా కారితే ఎక్కువ, పరిచి ఆరనివ్వాలి. పిండితే ముద్దే కట్టకపోతే తక్కువ. బాగా ఎండిపోయిన కొబ్బరి పొట్టు మాత్రం దుమ్ము లేపుతుంది, ముక్కు రంధ్రాల్లో చేరుతుంది, అందుకే హాగ్‌నోస్ లాంటి పొడి పాములకి దీన్ని ఒక్కదాన్నే వెయ్యను.

తేమ కొలిచే హైగ్రోమీటర్ గోడకి పైన అంటించే గుండ్రటి ముల్లు రకం వద్దు, అవి చాలా తేడాగా చూపిస్తాయి. వైరు చివర కొలిచే మొన, అంటే ప్రోబ్, ఉండే డిజిటల్ది తీసుకుని ఆ ప్రోబ్‌ని పాము ఉండే ఎత్తులో, చల్లటి వైపు పెట్టండి.

ట్యాంక్ మొత్తం తేమగా ఉంచడం కుదరనివాళ్లకి స్ఫాగ్నమ్ నాచు ఉంది. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాకి పాము దూరేంత కన్నం పెట్టి, అంచు నున్నగా చేసి, లోపల తడిపి పిండిన నాచు పెట్టండి. కార్న్ స్నేక్ కళ్లు నీలంగా మబ్బు పట్టగానే, అంటే కుబుసం దగ్గరపడగానే, తనే వెళ్లి అందులో కూర్చుంటుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. ఆస్పెన్ వాడేవాళ్లకు ఇది బంగారం లాంటి ఏర్పాటు.

తవ్వే పాముల గురించి చెప్పాలి. హాగ్‌నోస్ మూతి చూశారా, పైకి తిరిగిన పారలా ఉంటుంది. కెన్యన్ శాండ్ బోవా కళ్లు తల పైభాగానికి దగ్గరగా ఉంటాయి, ఒళ్లంతా మట్టిలో పెట్టుకుని కళ్లు మాత్రమే బయట పెట్టడానికి. వీటిని పేపర్ మీద జీవితమంతా ఉంచితే చచ్చిపోవు, కానీ వాటి ఒళ్లు దేనికోసం తయారైందో ఆ పని చెయ్యనివ్వకుండా చేస్తున్నట్టే, నాకు అది నచ్చదు. వీటికి నాలుగంగుళాలు, కుదిరితే ఇంకా ఎక్కువ లోతు ఇవ్వండి, ఆస్పెన్ అయినా సరే, ఎరువులేమీ కలపని మట్టిలో కడిగిన ఇసుక కలిపినా సరే. మట్టి భాగం ఎక్కువ, ఇసుక తక్కువ. ఉత్త ఇసుక సొరంగం నిలబెట్టదు, పొలుసుల మధ్య, నోట్లో చేరుతుంది. ఎడారి అంటే ఉత్త ఇసుక దిబ్బలే అనుకుంటాం కానీ అలాంటి చోట్ల కూడా చాలావరకు నేల గట్టిపడిన మట్టే.

రంగురంగుల కాల్షియం ఇసుక మాత్రం దయచేసి వద్దు. తింటే అరిగిపోతుంది, పైగా కాల్షియం కూడా అందుతుంది అని అమ్ముతారు. తడి తగిలితే అది గడ్డ కడుతుంది, పేగులో కూడా అంతే. వాల్‌నట్ పెంకు పొడి అంచులు పదునుగా ఉంటాయి. మొక్కజొన్న కండెల ముక్కలు తడికి ఉబ్బుతాయి, బూజు కూడా పడతాయి. పిల్లుల కోసం వాడే గడ్డ కట్టే లిట్టర్ కూడా అదే కోవ. ఈ నాలుగూ పాము ట్యాంకులోకి రానివ్వకండి.

మింగుతుందేమో అన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది, ఆస్పెన్ ముక్క ఒకటి ఎలుకతో పాటు లోపలికి పోయిందని రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారు. కంగారు పడకండి. సరైన వేడి, తాగడానికి నీళ్లు ఉన్న ఆరోగ్యమైన పాముకి చిన్న చిన్న ముక్కలు పోయినా మలంతో వచ్చేస్తాయి. చల్లగా ఉంచిన పాము, నీళ్లు చాలని పాము, ఇవే ఇబ్బంది పడతాయి. అయినా ఎలుకని పట్టకారుతో అందించండి, లేదా చదునైన పలక మీద పెట్టండి, ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించిన ఎలుకని తుడిచి పెట్టండి, తడి ఎలుకకి పొట్టు అంతా అంటుకుంటుంది. తినిపించడానికి పాముని వేరే డబ్బాలోకి మార్చే అలవాటు మాత్రం నేను మానేశాను, తిన్న పాముని మళ్లీ ఎత్తి తీసుకురావడమే దానికి ఎక్కువ ఇబ్బంది, కక్కేసే ప్రమాదం కూడా ఉంది.

వేడి సంగతి ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్తాను, కానీ ఈ ముక్క మర్చిపోవద్దు. ట్యాంక్ కింద హీట్ మ్యాట్ ఉంటే బెడ్డింగ్ మందం పెరిగేకొద్దీ వేడి పైకి రాదు, కింద గాజు దగ్గర చేరుకుంటుంది. పైన చల్లగా ఉందని పాము కిందికి తవ్వుకుంటూ పోతుంది, గాజుకి పొట్ట ఆనిస్తుంది, కాలుతుంది. పొట్ట కాలుతున్నా పాము చాలాసార్లు వెంటనే పక్కకి జరగదు. కాబట్టి హీట్ మ్యాట్‌కి వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి, దాని ప్రోబ్ మ్యాట్‌కి గాజుకి మధ్యలోనో లేదా లోపల గాజు మీద, బెడ్డింగ్ అడుగునో ఉండాలి, బెడ్డింగ్ పైన కాదు. మ్యాట్ ఉన్న వైపు పలుచగా, అంగుళం లోపు పరచండి. లోతుగా పరవాలనుకుంటే వేడి పై నుంచి ఇవ్వాలి, గార్డు ఉన్న బల్బు గానీ ప్యానెల్ గానీ.

ఇంక నాకు చాలా ఇష్టమైన, ఎవరూ మెచ్చుకోని బెడ్డింగ్. పేపర్. ఫొటోలో బాగుండదు, అతిథులు వచ్చి చూస్తే "ఇదేంటి, న్యూస్ పేపర్ మీద పెట్టారు?" అంటారు. కానీ కొత్తగా వచ్చిన ఏ పామునైనా నేను కనీసం రెండు మూడు నెలలు తెల్లటి పేపర్ టవల్స్ మీదే ఉంచుతాను. మలం ఎలా ఉంది, పలచగా ఉందా, అందులో రక్తం ఉందా, తెల్లటి యూరేట్, అంటే పాము మూత్రంలోని గట్టి భాగం, సుద్దలా ఉందా, ఆకుపచ్చగా తిరిగిందా, అన్నీ కనిపిస్తాయి. ముఖ్యంగా మైట్స్. గసగసాల గింజ కంటే చిన్నవి, నల్లగా, కదులుతూ ఉంటాయి, గోధుమ రంగు బెరడు మీద అవి వందలున్నా కనపడవు, తెల్ల కాగితం మీద ఒక్కటున్నా కనపడుతుంది. పాము అదే పనిగా నీళ్ల గిన్నెలో మునిగి ఉంటోంది అంటే ముందు ఆ గిన్నె అడుగు చూడండి, మునిగిపోయిన నల్ల చుక్కలు ఉంటాయి. మైట్స్ పాము మీద రక్తం తాగుతాయి కానీ గుడ్లు పెట్టేది పగుళ్లలో, బెడ్డింగ్‌లో, అందుకే మైట్స్ వచ్చిన రోజు ట్యాంకులో ఉన్న బెడ్డింగ్ మొత్తం సంచీలో కట్టి బయట పారెయ్యాలి, జాలి పడి సగం ఉంచితే రెండు మూడు వారాల్లో మళ్లీ మొదటికే వస్తుంది. కొత్తగా కొన్న చెక్క పొట్టు, బెరడు సంచీలను కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి తర్వాత వాడటం మంచి అలవాటు.

పేపర్ మీద ఉన్న పాముకి దూరడానికి గూళ్లు ఎక్కువ పెట్టండి, కనీసం రెండు, వేడి వైపు ఒకటి, చల్ల వైపు ఒకటి, నలిపిన కాగితాలు కూడా వెయ్యండి. కాగితం కింద దూరి పడుకుంటుంది, పడుకోనివ్వండి.

బయోయాక్టివ్ గురించి అడుగుతారని తెలుసు. లోతైన మట్టి, ఎండుటాకులు, మొక్కలు, స్ప్రింగ్‌టెయిల్స్, ఐసోపాడ్స్, ఆ చిన్న ప్రాణులు బూజునీ మలాన్నీ తింటాయి, బాగా కుదిరితే నిజంగా అందంగా ఉంటుంది, పాము కూడా ఉత్సాహంగా తిరుగుతుంది. కానీ అది శుభ్రం చెయ్యక్కర్లేని ట్యాంక్ కాదు. పెద్ద పాము వేసే మలం అంతా ఆ చిన్న పురుగులు తినలేవు, మనం తియ్యాల్సిందే. పాముని పెట్టేముందు ఒక నెల పైన ఊరికే వదిలి మొక్కలూ పురుగులూ నిలదొక్కుకోనివ్వాలి. మొదటి పాముతో మొదలెట్టొద్దు, ఒక ఏడాది మామూలు బెడ్డింగ్‌తో మీ పాము అలవాట్లు నేర్చుకున్నాక చెయ్యండి.

ప్రశ్నలు చేతులెత్తి అడగండి. ఆ, మీరు చెప్పండి.

తోటలో మట్టి తవ్వి వెయ్యొచ్చా అంటున్నారు. ఆ నేల మీద ఎప్పుడూ పురుగుమందు కొట్టలేదని మీకు గట్టిగా తెలిస్తే తప్ప వద్దు. కుండీల కోసం అమ్మే మట్టిలో ఎరువులు, పెర్లైట్ తెల్ల గుళ్లు ఉంటాయి, అది కూడా వద్దు. ఏమీ కలపని మట్టి అని రాసి ఉన్నది మాత్రమే.

కార్పెట్ గురించి. సరీసృపాల కోసం అమ్మే ఆ ఆకుపచ్చ కార్పెట్, ఉతికి మళ్లీ వాడుకోవచ్చు కదా అని. ఉతికినా దాని పోగుల్లో మురికి ఉండిపోతుంది, తడి ఉండిపోతుంది, ఎలుకని పట్టుకున్నప్పుడు పళ్లు పోగుల్లో చిక్కుకుంటాయి. దానికంటే పేపర్ వంద రెట్లు నయం.

ఎన్ని రోజులకి మార్చాలి? మలం కనిపించిన రోజే ఆ చోటుని చుట్టూ పిడికెడు బెడ్డింగ్‌తో సహా తీసెయ్యండి, రేపటిదాకా ఆగొద్దు. మొత్తం మార్చడం ఆస్పెన్ అయితే నెలకోసారి, కొబ్బరి పొట్టు అయితే రెండు మూడు నెలలకి, కానీ క్యాలెండర్ కంటే మీ ముక్కుని నమ్మండి. ట్యాంకులోకి వంగి వాసన చూడండి, అమ్మోనియా ఘాటు తగిలితే అప్పటికే ఆలస్యమైనట్టు.

దేనితో కడగాలి? ఇది మంచి ప్రశ్న, అడిగినందుకు చాలా సంతోషం, నేను మర్చిపోయేవాణ్ణి. ఫినాయిల్ వద్దు. ఇంట్లో నేల తుడవడానికి వాడే ఏ ఫినాల్ మందూ, పైన్ వాసన వచ్చే క్లీనర్లూ వద్దు, ఫినాల్ పాములకి విషం, ఆవిరి రూపంలో కూడా. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశకం కలిపిన నీళ్లు బాగుంటాయి. లేదా ఒక పాలు బ్లీచ్‌కి పది పాళ్లు నీళ్లు, పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండనివ్వాలి, ఆ తర్వాతే కొత్త బెడ్డింగ్, ఆ తర్వాతే పాము. కడిగేది వంటగది సింక్‌లో మాత్రం కాదు, పాములు మనకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా మోస్తాయి, చూడటానికి ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే.

వెనక నుంచి ఒకరు, బెడ్డింగ్ మార్చాక మా బాల్ పైథాన్ రెండు వారాలు తినలేదు అంటున్నారు. తన వాసన ఒక్కసారిగా మొత్తం పోయింది కదా, దానికి అది కొత్త చోటు. ఈసారి మార్చినప్పుడు శుభ్రంగా, పొడిగా ఉన్న పాత బెడ్డింగ్ రెండు గుప్పెళ్లు కొత్తదానిలో కలపండి, గూళ్లను అవే చోట్ల పెట్టండి, మార్చిన రోజు ముట్టుకోకండి, నాలుగైదు రోజులయ్యాక సాయంత్రం తిండి ఇచ్చి చూడండి. మైట్స్ గానీ జబ్బు గానీ ఉన్నప్పుడు మాత్రం పాతది ఒక్క పోగు కూడా కలపొద్దు.

డబ్బాలు ఇక్కడే ఉంచుతాను, వచ్చి చేతులు పెట్టి చూడండి. కొబ్బరి పొట్టు డబ్బా పక్కనే నీళ్ల జగ్గు ఉంది, తడిపి పిండి చూడండి, ఆ ఒకటి రెండు చుక్కల లెక్క చేతికి ఒకసారి తెలిస్తే మళ్లీ మర్చిపోరు. ఎనిమిదోది మాత్రం తెరవొద్దు, ముందు వరసలో ఒకరు తమ కార్న్ స్నేక్‌ని తీసుకొచ్చారు.